ఇంట్లో ఒకరికి షుగర్ ఉంటే: కాపలా కాయకుండా తోడు నిలవడం ఎలా

షుగర్ ఉన్న మనిషికి ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో డాక్టరు చెబుతారు. ఏం తినకూడదో చుట్టాలు, పక్కింటివాళ్ళు, రైల్లో ఎదురు సీట్లో కూర్చున్నాయన కూడా చెబుతారు. రోజూ దీనితో వేగడం ఎలా ఉందని అడిగేవాళ్ళు మాత్రం సొంత ఇంట్లో కూడా తక్కువే. పలకరింపు "షుగర్ ఎంతుంది?" దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది.

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్ళు 10 కోట్లు దాటారు. వాళ్ళకు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ వ్యాసం వాళ్ళతో ఉండేవాళ్ళ కోసం రాస్తున్నాను. భార్య, భర్త, కొడుకు, కోడలు, డాలస్ నుంచో సిడ్నీ నుంచో రోజూ ఫోన్ చేసే కూతురు. మనం ప్రేమ అనుకుని చేసేదాంట్లో చాలా భాగం కాపలా. కాపలా పెరిగినకొద్దీ అవతలి మనిషి దాచుకోవడం మొదలుపెడతారు. దాచుకున్న షుగర్‌కి వైద్యం చేయడం ఎవరి వల్లా కాదు.

1. ముందు అది ఎలాంటి దిగులో కనుక్కోండి

"ఎంత చేసినా ఇంతే." "విసుగొచ్చేసింది, ఇక ఏమైతే అదవుతుంది." "మా అన్నకి కాలు తీసేశారు, నాకూ అంతేనేమో." "ఈసారి డాక్టరు దగ్గరికి రాను, తిడతారు." ఈ మాటలు ఇంట్లో వినిపిస్తుంటే అది బద్ధకం కాదు, మొండితనమూ కాదు. రోజూ చేయక తప్పని, సెలవంటూ లేని ఈ చాకిరీ వల్ల వచ్చే అలసట. వైద్యులు దీన్ని డయాబెటిస్ డిస్ట్రెస్ అంటారు. అమెరికాలో విలియం పొలాన్‌స్కీ అనే మానసిక నిపుణుడు, ఆయన సహచరులు దీన్ని కొలవడానికి 1995లో 20 ప్రశ్నల పట్టిక తయారుచేశారు. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 4 వరకు మార్కులు. మొత్తాన్ని 1.25తో హెచ్చవేస్తే నూటికి ఎంతో వస్తుంది. 40 గానీ అంతకు మించి గానీ వస్తే పట్టించుకోవాల్సిన స్థాయి. కొన్ని పెద్ద డయాబెటిస్ క్లినిక్కుల్లో అడిగితే ఈ పట్టిక నింపిస్తారు.

డిప్రెషన్ వేరు. డిస్ట్రెస్ ఉన్న మనిషి షుగర్ మాట ఎత్తితే చిరాకు పడతారు కానీ మనవడు వస్తే నవ్వుతారు, క్రికెట్ చూస్తారు. డిప్రెషన్‌లో మనవడు వచ్చినా మొహంలో మార్పు ఉండదు. ఈ రెండూ కలిసి కూడా ఉండొచ్చు. షుగర్ ఉన్నవాళ్ళలో డిప్రెషన్ మిగతావాళ్ళకంటే దాదాపు రెట్టింపు కనిపిస్తుందని చాలా అధ్యయనాల్లో తేలింది. అలా ఉంటే చేయాల్సింది ఎనిమిదో భాగంలో ఉంది, అవసరమైనవాళ్ళు నేరుగా అక్కడికి వెళ్ళండి.

ఇంట్లో పట్టికలు అక్కర్లేదు. తీరిగ్గా ఉన్నప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "ఈ షుగర్‌తో నీకు అన్నిటికంటే విసుగ్గా అనిపించేది ఏంటి?" అడిగాక మీరు మాట్లాడకండి, సలహా నోటిదాకా వచ్చినా ఆపుకోండి. జవాబు మీరు ఊహించింది కాకపోవచ్చు. సూదో, చప్పటి కూరో కాదు, బస్సు ప్రయాణంలో మాటిమాటికీ బాత్రూమ్‌కి పోవాల్సి రావడమని చెప్పొచ్చు. మగవాళ్ళలో చాలామందిని లోపల తొలిచేది పడకగదిలో వచ్చిన బలహీనత. అది భార్యకు కూడా చెప్పరు. షుగర్ వల్ల అలా రావడం మామూలే, మందులున్నాయి, డాక్టరుతో చెప్పొచ్చు అనే ఒక్క మాట వాళ్ళకు ఎవరో ఒకరు చెప్పాలి.

2. కంచం మీద కాపలా ఎత్తేయండి

అన్నిటికంటే కష్టమైనది ఇదే, అందుకే ఎక్కువ రాస్తున్నాను.

ఆదివారం మధ్యాహ్నం. మామిడికాయ పప్పు, వేపుడు, గడ్డపెరుగు. మొదటి వాయి అయిపోయింది, పెద్దాయన అన్నం గిన్నె వైపు చెయ్యి చాపారు. "నాన్నా, మళ్ళీ అన్నమా? మొన్న రిపోర్టులో ఏమొచ్చిందో మర్చిపోయావా?" అన్నాడు కొడుకు. పిల్లలు తలెత్తి చూశారు. కోడలు తల దించుకుంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, పెరుగు కూడా వేసుకోకుండా లేచిపోయారు. సాయంత్రం నాలుగున్నరకు వాకింగ్ అని బయల్దేరి వీధి చివర బడ్డీ దగ్గర ఆగారు. నాలుగు మిరపకాయ బజ్జీలు, పంచదార వేసిన టీ. మర్నాడు పరగడుపున మీటరు 212 చూపించింది. కోడలు అడిగితే "నూట ముప్పై" అన్నారు.

ఆ గరిటెడు అన్నం వల్ల జరిగే నష్టం ఎంతో, ఆ అబద్ధం వల్ల జరిగే నష్టం ఎంతో లెక్కేసుకోండి. డాక్టరు ఆ 130 చూసే మందు మోతాదు నిర్ణయిస్తారు. మీటరులో మెమరీ నొక్కి పాత అంకెలు చూసే కొడుకులు కూడా ఉన్నారు. దొంగ దొరికాడన్న సంతోషం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఇంట్లో ఒక నియమం పెట్టుకోండి: కంచంలో వడ్డించాక తిండి గురించి ఒక్క మాట కూడా ఉండదు. చెప్పదలచుకున్నది వంటకు ముందు, కూరగాయల బజారులో, సరుకుల చీటీ రాసేటప్పుడు చెప్పుకోండి. అందరికీ ఒకే వంట చేయండి. ఒకరికి జొన్నరొట్టె, మిగతావాళ్ళకి పులావు పెడితే రోజూ రెండుపూటలా నువ్వు రోగివని గుర్తు చేసినట్టే. అందరూ కూర ఎక్కువ, అన్నం తక్కువ తింటే ఎవరికీ నష్టం లేదు. ఫ్రిజ్‌లో మైసూర్‌పాక్ డబ్బా పెట్టి "నువ్వు ముట్టుకోకు" అనడం కంటే ఆ డబ్బా ఇంటికి తేకపోవడం మర్యాద.

పండగలకు ముందురోజే మాట్లాడుకోండి. "అమ్మా, రేపు బొబ్బట్లు చేస్తున్నాం. నీకెన్ని తియ్యమంటావు?" ఆవిడ ఒకటి అంటే ఒకటే, రెండంటే రెండు. బొబ్బట్టు తిన్న పూట అన్నం తగ్గించుకోవడం పోషకాహార నిపుణులు కూడా ఒప్పుకునే లెక్కే. నిర్ణయం మాత్రం ఆవిడది. దీనికి అటువైపు ఇంకో బాధ ఉంది: "ఒక్కటి తింటే ఏం కాదులే", "ప్రసాదం కాదనకూడదు" అంటూ బలవంతంగా పెట్టేవాళ్ళు. పెళ్ళి పంక్తిలో వద్దన్న మనిషి ఆకులో జిలేబీ వేసి నవ్వడం మనకు సరదా. ఆ మనిషి వద్దని మూడోసారి చెప్పకముందే పక్కన కూర్చున్న మీరు "ఆయనకి వద్దండీ" అని వడ్డించే అబ్బాయిని ముందుకు పంపించేయండి. కారణం చెప్పక్కర్లేదు.

3. ఏ సాయం కావాలో అడిగి ఒప్పందం చేసుకోండి

భోజనాల దగ్గర వద్దు, రిపోర్టు వచ్చిన రోజు అసలే వద్దు. సాయంత్రం నడకకు వెళ్ళినప్పుడు బాగుంటుంది. ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు కాబట్టి మాట తేలిగ్గా వస్తుంది. అడగాల్సినవి రెండే: నేను చేసేదాంట్లో నీకు చిరాకు తెప్పించేది ఏది? నేను చేస్తే నీకు తేలికయ్యేది ఏది?

"ఏవండీ, మీ షుగర్ విషయంలో నేను ఏం చేస్తే మీకు ఒళ్ళు మండుతుంది?"

"పదిమందిలో గుర్తు చేస్తావు చూడూ, అది."

"సరే, మానేస్తాను. మరి ఏం చెయ్యమంటారు?"

"రాత్రి మాత్ర మర్చిపోతుంటాను. అది చెప్పు. ఒక్కసారి చెబితే చాలు, మూడుసార్లు వద్దు."

ఇంతే. ఇలా తేలినదానికి కట్టుబడి ఉండండి. ఒక్కసారి అన్నారంటే ఒక్కసారే. కొన్ని నెలల తర్వాత మళ్ళీ అడగండి, మందులు మారినప్పుడల్లా అవసరాలు కూడా మారతాయి. "నాకేం వద్దు, నా మానాన నన్ను వదిలేయండి" అన్నా అది జవాబే. కొన్నాళ్ళు నిజంగానే వదిలేసి చూడండి.

4. మీటరులో అంకెను మార్కుల్లా చూడకండి

పొద్దున్నే 180 కనిపించగానే మన నోట్లోంచి వచ్చే మొదటి మాట "రాత్రి ఏం తిన్నావు?" ఏమీ తినకపోయినా పెరుగుతుంది. తెల్లవారుజామున శరీరం కార్టిసాల్ లాంటి హార్మోన్లు వదులుతుంది, కాలేయం నిల్వ ఉన్న గ్లూకోజ్‌ను రక్తంలోకి పంపుతుంది. జ్వరం, పంటి చీము, నిద్ర లేకపోవడం, స్టెరాయిడ్ మందులు, కోర్టు వాయిదా టెన్షన్, ఇవన్నీ పెంచుతాయి. మీరు తిట్టినందువల్ల పుట్టిన టెన్షన్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

అందుకని "బాగుంది, చెడిపోయింది" అనకుండా "ఎక్కువుంది, తక్కువుంది" అనడం అలవాటు చేసుకోండి. "ఎక్కువుందా? ఇప్పుడేమైనా చెయ్యాలా, రాసిపెట్టుకుని చూద్దామా?" అంటే సరిపోతుంది. వరసగా కొన్నిరోజులు ఎక్కువుంటే డాక్టరుకు చూపించాలి, ఒక్క రోజుకు పంచాయతీ అక్కర్లేదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా అంతే. 7 శాతం అంటే సగటున 154 దగ్గర ఉన్నట్టు, 8 అంటే 183. తొమ్మిదిన్నర నుంచి ఎనిమిదిన్నరకు వచ్చిన మనిషిని "ఇంకా ఏడుకి రాలేదే" అనకండి. ఆ ఒక్క శాతం తగ్గడం కళ్ళకు, కిడ్నీలకు చాలా మేలు.

విదేశాల్లో ఉన్న పిల్లలకు ఒక మాట. ఇప్పుడు చేతికి అంటించుకునే సెన్సర్లు వచ్చాయి, అమ్మ షుగర్ హైదరాబాద్‌లో పెరిగితే న్యూజెర్సీలో మీ ఫోన్ మోగుతుంది. ఏ అంకెకు ఫోన్ చేస్తారో ముందే ఒప్పందం చేసుకోండి. 70 కంటే తగ్గితే వెంటనే చేయండి. భోజనం తర్వాత 190కి పోయిందని చేయకండి. పెసరట్టు తిన్న అరగంటకల్లా ఖండాంతరం నుంచి సంజాయిషీ అడిగితే రెండోవారంలో ఆవిడ ఆ సెన్సర్ పీకి పక్కన పెడుతుంది.

5. కొన్ని పనులు మీరు తీసుకోండి

ఓదార్పు మాటలకంటే ఇది ఎక్కువ పనిచేస్తుందని నా అభిప్రాయం. షుగర్ పరీక్ష స్ట్రిప్‌లు అయిపోకముందే తెచ్చిపెట్టడం, వారానికి సరిపడా మాత్రలు డబ్బాలో సర్దడం, రిపోర్టుల ఫైలు తేదీల వారీగా పెట్టడం, ఏడాదికోసారి కంటి పరీక్షకు అపాయింట్‌మెంట్ తీసుకోవడం. రాత్రి పడుకునేముందు టార్చి వేసి అరికాళ్ళు, వేళ్ళ సందులు చూడటం వయసైనవాళ్ళకు తమంతట తాము కుదరదు, వంగలేరు. అది కూతురో, మనవడో చేస్తే రెండు నిమిషాల పని. ఏదైనా మానని పుండో, రంగు మారిన చోటో కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

డబ్బు సంగతి కూడా ఉంది. పిల్లల జీతం మీద ఆధారపడిన పెద్దవాళ్ళు స్ట్రిప్‌లు ఖర్చని పరీక్ష మానేస్తారు, మాత్రను సగానికి విరుస్తారు. మందుల షాపు బిల్లు వాళ్ళ ముందు చదవకండి.

6. ఇన్సులిన్ రాసిన రోజు

చాలామందికి ఆ చీటీ శిక్షలా కనిపిస్తుంది. "ఇక ఆఖరి దశకొచ్చానన్నమాట" అనుకుంటారు. "నువ్వు సరిగ్గా ఉంటే ఇంతదాకా వచ్చేదా?" అని ఇంట్లోవాళ్ళు అంటే ఆ అనుమానం ఖాయమైపోతుంది. నిజం వేరు. టైప్ 2 మధుమేహం, అంటే పెద్దవాళ్ళలో ఎక్కువగా కనిపించే షుగర్, ఏళ్ళు గడిచేకొద్దీ ముదిరే స్వభావం ఉన్నది. బ్రిటన్‌లో 1977లో మొదలై ఇరవై ఏళ్ళు సాగిన యూకేపీడీఎస్ అనే మధుమేహ అధ్యయనంలో ఇది స్పష్టంగా తేలింది. జబ్బు బయటపడేనాటికే ఇన్సులిన్ తయారుచేసే కణాల శక్తి సగం వరకు పోయి ఉంటుంది, ఆ తర్వాత మందులు వాడుతున్నా తగ్గుతూ వస్తుంది. పదిహేనేళ్ళ తర్వాత బయటి నుంచి ఇన్సులిన్ కావాల్సి వస్తే అందులో ఆ మనిషి తప్పేమీ లేదు. ఈ మాట ఆ రోజు మీ నోటి నుంచి రావాలి.

తర్వాత పని చూడండి. ఇప్పటి పెన్ను సూది చాలా సన్నం, పొడవు నాలుగు మిల్లీమీటర్లే ఉంటుంది. మొదటి రోజు నర్సు దగ్గర ఇద్దరూ కలిసి నేర్చుకోండి. ఊరెళ్ళినప్పుడు బాత్రూమ్‌లో దాక్కుని పొడుచుకోవాల్సిన పని లేకుండా చుట్టాలింట్లో ఒక గది చూపించమని మీరే అడగండి.

7. షుగర్ పడిపోయినప్పుడు

ఉన్నట్టుండి చెమటలు, చేతుల వణుకు, ఆకలి, తికమక మాటలు, మామూలుగా నోరెత్తని మనిషి గిన్నె విసిరికొట్టడం. అప్పుడు వాదించకండి. మెదడుకు గ్లూకోజ్ అందక వచ్చిన కోపం అది, మనసులో ఉన్నది బయటపడటం కాదు. వెంటనే మీటరులో చూడండి. 70 కంటే తక్కువుంటే, లేదా మీటరు దగ్గర లేకపోతే, మూడు చెంచాల గ్లూకోజ్ పొడి గానీ పంచదార గానీ నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంట ఆగి మళ్ళీ చూడండి, ఇంకా 70 కంటే తక్కువే ఉంటే, లేదా వణుకు, చెమటలు పోకపోతే, మళ్ళీ అంతే ఇవ్వండి. తేరుకున్నాక భోజనానికి టైముంటే ఏదైనా తినిపించండి. చాక్లెట్, లడ్డు వద్దు, వాటిలో కొవ్వు వల్ల ఆలస్యమవుతుంది. వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు వాడేవాళ్ళకు పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజ్ పొడే ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

అది తగ్గిన తర్వాత వచ్చేది సిగ్గు, భయం. రాత్రి నిద్రలో మళ్ళీ పడిపోతుందేమోనని కొందరు కావాలనే రెండు రొట్టెలు ఎక్కువ తిని పడుకుంటారు, ఇన్సులిన్ మోతాదు తగ్గించేసుకుంటారు. తెల్లారి షుగర్ ఎక్కువ చూపిస్తుంది, మళ్ళీ తిట్లు. భయంగా ఉందా అని అడగండి, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. మందు మార్చడమో, వేళ మార్చడమో చేస్తారు. ఆ కాసేపట్లో అన్న మాటలు మాత్రం తర్వాత ఎప్పుడూ ఎత్తకండి.

ఇక బయటివాళ్ళ మాటల సంగతి. కాకరకాయ రసంతో షుగర్ మాయమైందని ఫోన్ చేసే బాబాయిలను మీరే అడ్డుకోండి. "థాంక్స్ బాబాయ్, డాక్టరుని అడుగుతాం" అంటే చాలు. కాకరకాయ కూరగా తింటే మంచిదే, దానికోసం మందు మానితేనే ప్రమాదం. ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని టైప్ 1 షుగర్ ఉన్న పిల్లలకైతే ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. "అయ్యో, ఆడపిల్లకి ఇప్పుడే వచ్చిందా, రేపు పెళ్ళెలా?" అనే పెద్దమ్మలు పిల్ల వినేలా మాట్లాడతారు. వాళ్ళు వచ్చినప్పుడు పిల్లను గదిలోకి పంపకండి, పెద్దమ్మ మాటనే ఆపండి. ఇది దాచాల్సిన జబ్బని మీ ప్రవర్తన వల్ల పిల్లకు అనిపించకూడదు.

8. మీ చేతిలో లేనప్పుడు

రెండు వారాలుగా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, రోజంతా దిగులుగా ఉండటం, నిద్ర, ఆకలి తారుమారు కావడం, మందులు పూర్తిగా మానేయడం కనిపిస్తే షుగర్ డాక్టరుకే ముందు చెప్పండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ళతరబడి వాడితే విటమిన్ బీ12 తగ్గొచ్చు, థైరాయిడ్ తేడా ఉండొచ్చు, నీరసానికి అవీ కారణాలే. పరీక్ష చేయించి, అవి కాకపోతే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళండి. షుగర్ ఉందని, ఏ మందులు వాడుతున్నారో అక్కడ తప్పకుండా చెప్పండి, మనసుకు ఇచ్చే మందుల్లో కొన్ని బరువును, షుగర్‌ను పెంచుతాయి. "పిచ్చి డాక్టరు" అన్న మాట ఇంట్లో వాడకండి. వెళ్ళడానికి ఒప్పుకోకపోతే కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది. 14416కి ఏ వేళప్పుడైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఎలా ఒప్పించాలో అడగడానికి మీరు కూడా చేయొచ్చు.

"నేను పోతే మీకందరికీ హాయి" లాంటి మాట వస్తే సరదాగా తీసిపారేయకండి. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగండి, అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి. మందులు, ఇన్సులిన్ మీ దగ్గర ఉంచుకుని వేళకు మీరే ఇవ్వండి. అదేరోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

9. మీ సంగతి

2013లో ఫలితాలు వెలువడిన డాన్2 అనే 17 దేశాల సర్వేలో రోగులతోపాటు కుటుంబసభ్యులను కూడా ప్రశ్నించారు. షుగర్ పడిపోతుందేమోనన్న భయం, ఏం చేయాలో తెలియని తికమక వాళ్ళకూ ఉన్నాయి. మన ఇళ్ళల్లో ఈ భారం ఎక్కువగా భార్య మీదో, కోడలి మీదో పడుతుంది. రాత్రి రెండింటికి లేచి మొగుడి నుదురు తడిమి చూసే ఆవిడ పొద్దున ఐదింటికి లేచి వంట చేస్తుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఉంటే పని పంచండి. ఒకరు ఆసుపత్రి, ఒకరు మందుల ఖర్చు, ఒకరు నెలకో వారం అమ్మానాన్నల దగ్గర ఉండటం. దూరంగా ఉన్నవాళ్ళు సలహాలు తగ్గించి ఏదో ఒక పని పూర్తిగా తీసుకోవాలి.

ఇంకొకటి. చూసుకునేవాళ్ళు తమ రక్తపరీక్ష మర్చిపోతారు. ఒకే వంట తింటూ, ఒకేలా కూర్చుని గడిపేవాళ్ళకు, పైగా రక్తసంబంధీకులకు, షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ. 30 ఏళ్ళు దాటినవాళ్ళకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగర్, బీపీ ఉచితంగా చూస్తారు. పెద్దాయనను తీసుకెళ్ళిన రోజే మీ వేలు కూడా చాపండి.